అత్తయ్య తలలో బంగారం

మా ఇంటి ముందు గదిని ఇద్దరం కోరుకున్నాం. నాకు పుస్తకాలు పెట్టుకోవడానికి కావాలి. మా ఆయనకి ఉల్లిపాయలు పోసుకోవడానికి కావాలి.

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారస్తుల ఇంటికి కోడలిగా వచ్చిన మనిషికి కన్నీళ్ళు పెట్టుకోవడానికి వేరే కారణం వెతుక్కోనక్కర్లేదు. సంచుల్లోంచి వచ్చే ఆ పొర తుక్కు ఇల్లంతా తిరుగుతుంది. కాఫీలో తేలుతుంది, దేవుడి పటాల వెనక చేరుతుంది. అది చేరని ఒకే ఒక్క గది ముందు గది. అందుకే పాతికేళ్ళుగా అందులో నా పుస్తకాలు పేర్చుకుంటూ వచ్చాను. నేను పదో తరగతితో ఆగిపోయాను. ఆ తరవాత చదివిందంతా మా ఊరి శాఖా గ్రంథాలయంలోనే, అదీ కూరగాయలకని చెప్పి వెళ్ళి. గ్రహణాలు, తేనెటీగలు, రోమన్ల మురుగు కాలవలు, ఏది దొరికితే అది చదివాను. లైబ్రేరియన్‌గారు నన్ను చూడగానే టేబుల్ ఫ్యాను నా వైపు తిప్పుతారు. ఈ ఊళ్ళో నాకు జరిగిన సన్మానం అదొక్కటే, రోజూ జరుగుతుంది. పాత కాగితాల కొట్టులో తూకానికి వచ్చిన పుస్తకాలు నేను తూకానికే కొనుక్కొచ్చి ఈ గదిలో పెట్టుకున్నాను.

గొడవ మొన్న వానాకాలం ముందు మొదలైంది.

“గోడౌన్ చాలట్లేదు,” అన్నారు మా ఆయన, గదిని టేపుతో కొలుస్తూ. “వచ్చే వారం లోడు దిగుతుంది. ఉల్లిపాయకి గాలి తగలకపోతే కుళ్ళిపోతుంది. ఈ గదికి రెండు కిటికీలున్నాయి. పుస్తకానికి గాలెందుకు చెప్పు?”

“పుస్తకానికి కాదండీ, చదివే మనిషికి.”

“చదివే మనిషికి వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యానుంది కదా.”

కిటికీ దగ్గర ఎత్తుపీట మీద మా అత్తయ్య కూర్చుని ఉన్నారు. ఆవిడకి ఎనభై దాటాయి. పొద్దున్న కాఫీ నుంచి రాత్రి మజ్జిగ దాకా ఆవిడ ఉండేది ఆ కిటికీ దగ్గరే. వీధిలో ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి మొహం ఎందుకు మాడిందో ఆవిడకి అక్కణ్ణుంచే తెలుస్తుంది. చదవడం రాదు గాని నా పుస్తకాలంటే ఇష్టమే. గచ్చు చల్లగా ఉంటుందని రోమన్ల చరిత్ర మీద కాళ్ళు పెట్టుకుంటారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మేడమీద ఒక గది వేద్దామని గోదావరి ఇసుక లారీడు తెప్పించారు. ఇసుక వచ్చింది, మేస్త్రీ రాలేదు. ముందు గది కిటికీ కింద గుట్టగా పడి ఉంది. వీధి పిల్లులు దాన్ని వేరే అవసరాలకి వాడుకోవడం మొదలెట్టాయి. నేనేమో అప్పుడే లైబ్రరీలో అట్ట ఊడిన ఒక పుస్తకంలో నదుల గురించి చదువుతున్నాను. కొండల్లో రాళ్ళు అరిగి, వాటిలోని బంగారం రవ్వలై ఏటి ఇసుకలో కలుస్తుందనీ, బరువు గనక నల్ల ఇసుకతో పాటు అడుక్కి చేరుతుందనీ అందులో ఉంది. మరి గోదావరి దాటి రాని కొండలున్నాయా! మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ సంగతి ప్రకటించాను.

“మన ఇసుకలో బంగారముంటే లారీవాడు మనకెందుకు పోస్తాడు?” అన్నారు మా ఆయన, అన్నంలో పప్పు కలుపుకుంటూ.

మంచి ప్రశ్నే. పుస్తకంలో దానికి జవాబు లేదు.

“వాడు పుస్తకం చదవలేదు గనక,” అన్నాను.

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. “సరే. నువ్వు చదివావుగా. ఆ ఇసుకలోంచి ఒక్క రవ్వ బంగారం తియ్యి. అది బంగారమేనని కంసాలి నోటితో అనిపించు. గది నీది. ఉల్లిపాయలు నెత్తిమీద పెట్టుకుని తిరుగుతాను.”

“అనిపించలేకపోతే?”

“తూకానికి వచ్చినవి తూకానికే పోతాయి.”

“నేను విన్నానర్రా,” అన్నారు అత్తయ్య, నంజుకునే వడియం పక్కన పెట్టి మరీ.

పందెం అదీ. లోడు వచ్చేలోగా ఒక రవ్వ. లేకపోతే పాతికేళ్ళ చదువు కాటాలో కూర్చుంటుంది.

పుస్తకంలో ఒక బొమ్మ ఉంది. టోపీ పెట్టుకున్న దొర ఒకడు ఏటి ఒడ్డున గొంతుక్కూర్చుని, ఇనప పళ్ళెంలో ఇసుకా నీళ్ళూ పోసి గుండ్రంగా ఊపుతున్నాడు. కింద పేరాలు పేరాలు వివరణ. నాకు నవ్వొచ్చింది. అది బియ్యం గాలించడమే కదా! పళ్ళెంలో నీళ్ళు పోసి, ఊపి, తేలికగా కదిలిన బియ్యాన్ని కొంచెం కొంచెంగా గిన్నెలోకి వంచుకుంటూ పోతే రాళ్ళు అడుగున మిగిలిపోతాయి. మా అమ్మ చేతిలో చూసి నేర్చుకున్నాను. దొర దానికి ఒక అధ్యాయం రాసుకున్నాడు.

గుట్టలో పిల్లులు ముట్టని వైపు చూసుకుని, వెడల్పాటి పళ్ళెం, బకెట్టు నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. రెండు మధ్యాహ్నాలు గాలించాను. నడుం పడిపోయింది. బేసిన్‌లో శుభ్రమైన ఇసుక పోగైంది గాని అందులో మెరిసేది ఒక్కటీ లేదు. మూడోనాడు పళ్ళెం అడుగున మిగిలింది ఎప్పట్లాగే కాలవలోకి విసిరాను. అది గాలిలో ఉండగా ఎండకి పచ్చగా తళుక్కుమంది. అప్పుడు వెలిగింది నాకు. చిన్నప్పట్నుంచీ బియ్యం గాలించిన చెయ్యి, పైది ఉంచుకుని అడుగుది పారబోస్తోంది. పుస్తకం నేను చదివాను గాని నా చెయ్యి చదవలేదు. రెండు రోజులుగా పనికిరాని ఇసుకని జాగ్రత్తగా దాచి, బంగారాన్ని రాళ్ళని చెప్పి కాలవపాలు చేశాను.

“అలా నించుండిపోయావేమ్మా?” అన్నారు అత్తయ్య కిటికీలోంచి.

“బంగారం కాలవలో పోసేశానండీ.”

“పోన్లే, బెంగెందుకు. మున్సిపాలిటీవాళ్ళు ఆ కాలవ ఎలాగూ తియ్యరు. ఎక్కడిదక్కడే ఉంటుంది.”

అప్పట్నుంచి అడుగుది దాచడం మొదలెట్టాను. అది నల్లగా, బరువుగా, కాటుక కలిపినట్టుండే ఇసుక. అందులో ఇనుము ఉంటుంది, అయస్కాంతంతో లాగెయ్యవచ్చునని పుస్తకం చెప్పింది. ఇంట్లో ఉన్న అయస్కాంతం ఒక్కటే. తిరుపతి నుంచి తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించిన వెంకన్న బొమ్మ. దాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి నల్ల ఇసుక మీద తిప్పాను. గడ్డాలు మొలిచినట్టు ఇనప రజనంతా స్వామికి అంటుకుని లేచింది. పళ్ళెంలో పసుపు రవ్వలు మాత్రం మిగిలిపోయాయి. కొండ మీద ఆయన పేరున ఏం చెప్పుకున్నా సరే, మా ఇంట్లో స్వామికి మనసు ఇనుము మీదే ఉంది. కడిగి, ఒళ్ళు తుడిచి, మళ్ళీ ఫ్రిజ్ మీద పెట్టేశాను.

దొరికినవి నాలుగైదు రవ్వలు. ఒకటి మాత్రం నువ్వుగింజంత ఉంది. దాని ఒక పక్కన తెల్లరాయి పొడుం గట్టిగా అతుక్కుని ఉంది. మిగతావి నూకలో సగం కూడా లేవు. అన్నిటికీ ఎర్రటి తుప్పు లాంటి పొర పట్టి ఉంది. మా ఆయనకి చూపించాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి, దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని చూశారు.

“ఇది బంగారమా, సెనగపప్పు పొట్టా?”

“పొర పోతే తెలుస్తుందండీ.”

“పొర పోతే పప్పు తెలుస్తుంది.”

అలా ఉండగా కంసాలి దగ్గరికి తీసుకుపోతే ఆయన ఊదేస్తాడు. ముందు శుభ్రం చెయ్యాలి. ఎలా అన్న దాని మీద ఇంట్లో మూడు మతాలు పుట్టాయి. మా ఆయన ఫోన్‌లో ఎవడో బంగారు గడ్డని కూల్‌డ్రింకులో నానబెట్టి బ్రష్షుతో తోముతున్నాడట, అదే దారి అన్నారు. నా పుస్తకం బ్రష్షుతో గట్టిగా తోమవద్దంది, చాకుతో గీకవద్దంది. నదిలో దొర్లి దొర్లి రవ్వకి వచ్చిన రూపం అలాగే ఉండాలి, గీత పడితే అది ఉత్త బంగారం ముక్క అయిపోతుంది, తుప్పు పులుపుకి పోతుంది, ఆ మీదట సబ్బునీళ్ళు చాలు అంది.

“పులుపంటే?” అన్నారు అత్తయ్య.

“చింతపండో, నిమ్మకాయో అండీ.”

“చింతపండు ఇత్తడికమ్మా. బంగారానికి కుంకుడుకాయే. నా చెవి కమ్మలు అరవై ఏళ్ళు కుంకుడు రసంలోనే కడిగాను, ఇదిగో చూడు. దొరల్ని అడిగితే ఏం తెలుస్తుంది, వాళ్ళు తల కడుక్కుంటారా పెడతారా.”

రెండూ చేద్దామనుకున్నాను. హోమియో మాత్రల ఖాళీ సీసాలో నిమ్మరసం పిండి, రవ్వలు వేసి, ఒక రాత్రి ఉంచాను. పొద్దున్నకి రసం పలచటి టీ రంగులోకి వచ్చింది. రవ్వల మీద ఎరుపు సగానికి సగం వదిలిపోయింది. ఆ సీసా పట్టుకుని ఇల్లంతా తిరిగాను. చదువు పనిచెయ్యడం కళ్ళతో చూడ్డం నాకదే మొదలు. మా ఆయన సీసా వైపు చూసి, “పులిహోరకి పనికొస్తుందా ఆ రసం?” అని మళ్ళీ ఫోన్‌లో పడ్డారు. కాని టేపు తీసి గది కొలవడం ఆ రోజు చెయ్యలేదు. అది నేను గమనించాను.

మిగిలిన సగానికి కుంకుడు రసం. ఆ సాయంత్రం కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, వేడినీళ్ళలో పిసికి, స్టీలు గిన్నెలోకి వడకట్టి రవ్వలు అందులో జారవిడిచాను. తెల్లారేదాకా నాననివ్వాలి. ఎక్కడ పెట్టను? వంటింట్లో పెడితే మా ఆయన చారనుకుని పోసుకుంటారు. ముందు గదిలో పెడితే అత్తయ్య కాళ్ళు తగులుతాయి. ఆలోచించి ఆలోచించి బాత్రూములో గూట్లో పెట్టాను. కుంకుడు రసం బాత్రూములో ఉంటే ఎవరికి అనుమానం వస్తుంది?

ఆ రోజు గురువారం. మా అత్తయ్య ప్రతి శుక్రవారం తెల్లారగట్ట తలంటుకుంటారు. ఆ సంగతి మా వీధి పాలతనికి కూడా తెలుసు. నాకింకా బాగా తెలుసు. శుక్రవారం శుక్రవారం ఆవిడకి కుంకుడుకాయలు కొట్టి రసం తీసి గూట్లో పెట్టేది నేనే.

పొద్దున్న నేను లేచేసరికి అత్తయ్య తలకి తువ్వాలు చుట్టుకుని బాత్రూములోంచి వస్తున్నారు. మొహం వెలిగిపోతోంది.

“ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది నీకు,” అన్నారు. “రాత్రే తీసి పెట్టేశావు. రసం ఎంత చిక్కగా ఉందో. ఎప్పుడూ ఇలాగే చెయ్యి.”

 పరుగెత్తుకెళ్ళి చూస్తే గూట్లో గిన్నె బోర్లించి ఉంది. మా అత్తయ్య దేన్నీ ఎంగిలిగా వదలరు, గిన్నె తొలిచి మరీ ఆ నీళ్ళు కూడా నెత్తిన పోసుకున్నారు.

“అత్తయ్యగారూ, ఆ గిన్నెలో...”

“బాగా నురుగొచ్చిందమ్మా.”

“అందులో బంగారముందండీ.”

ఆవిడ తువ్వాలు మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించారు. “అందుకేనా గరగర్లాడింది! నువ్వు గింజలు సరిగ్గా తియ్యలేదనుకుని, మరింత గట్టిగా రుద్దాను.”

సన్న రవ్వలు నురుగుకి అంటుకుని పైకి లేస్తాయని పుస్తకంలో చదివాను. అంటే కొన్ని నురుగుతో పాటు తూములోకి పోయి ఉంటాయి, కొన్ని ఆవిడ జుట్టులో ఉండి ఉంటాయి. ముందు తూముకి గుడ్డ కుక్కాను. ఇంతలో మా ఆయన భుజాన తువ్వాలేసుకుని వచ్చారు.

“మీరిప్పుడు స్నానం చెయ్యకండి.”

“ఏం?”

“బాత్రూములో బంగారముంది.”

ఆయన నన్నూ, తలగుడ్డతో నించున్న వాళ్ళమ్మనీ చూశారు. “శుక్రవారం పూట పొద్దున్నే మొదలెట్టారా ఇద్దరూ,” అని కొళాయి దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నారు. విషయం తెలిశాక మాత్రం గంట సేపు నవ్వారు. “ఇంక టేపెందుకు, సంచులే తెప్పిస్తాను,” అన్నారు. నాకు ఆ నవ్వు కంటే సంచుల మాట ఎక్కువ తగిలింది. గదిలోకి వెళ్ళి పుస్తకాలు చూస్తే అన్నీ అప్పుడే తూకానికి సిద్ధమైనట్టు కనిపించాయి.

తూము గుడ్డలో సబ్బు బిళ్ళ ముక్కలు, వెంట్రుకల ఉండ, ఒక చొక్కా గుండీ దొరికాయి. రవ్వలు లేవు. ఇంక మిగిలిన గని ఒక్కటే. అత్తయ్యని కిటికీ దగ్గర ఎండలో పీట మీద కూర్చోబెట్టి, ఒళ్ళో పళ్ళెం పెట్టి, ఈరుదువ్వెన తీసుకున్నాను. పేల కోసం కొన్న ఆ సన్నపళ్ళ దువ్వెన మా ఇంట్లో అటక మీదకి చేరి చాలా ఏళ్ళయింది. పాయ పాయ తీసి దువ్వడం మొదలెట్టాను. శుక్రవారం పూట, తడి జుట్టు విరబోసుకుని, తల నిండా బంగారంతో ఎత్తుపీట మీద కూర్చున్న ముసలావిడ! గంట కొట్టి హారతివ్వడమే తరువాయి. లక్ష్మీదేవి ఇంటికి రావాలని నోములు నోచినవాళ్ళని చూశాను గాని, వచ్చిన లక్ష్మిని ఈరుదువ్వెనతో దువ్వినవాళ్ళని చూళ్ళేదు.

వీధిలో వెళ్తున్న ఎదురింటావిడ ఆగింది. “ఏం పిన్నిగారూ, పేలా?”

“పేలు కాదమ్మా, బంగారం,” అన్నారు అత్తయ్య.

ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి వీధి వీధంతా ఏదో ఒక వంకన మా కిటికీ ముందు నుంచి నడిచింది. అత్తయ్య ఒక్కరినీ ఉత్తినే పోనివ్వలేదు, అందరినీ పలకరించారు.

మధ్యలో ఉన్నట్టుండి మెడ తిప్పారు. “ఒక్కమాట. నా తలలో దొరికింది ఎవరిది?”

“నాదేనండీ. ఇసుకలోంచి తీసింది నేనే కదా.”

“ఇసుక ఎవరిది?”

“మీ అబ్బాయిది.”

“అబ్బాయి ఎవరిది?”

 నేను ఇంకో పాయ తీసుకుని దువ్వాను.

“అయితే కంసాలి దగ్గరికి నేనూ వస్తాను. నా సొత్తు ఏమవుతుందో చూసుకోవాలిగా,” అన్నారు.

వింతేమిటంటే పళ్ళెంలో నేను వేసిన వాటికంటే ఎక్కువే పడ్డాయి. పసుపుగా మెరిసేవి పది దాకా తేలాయి. ఏ గనిలోనైనా దాచిన దానికంటే ఎక్కువ దొరికిందని నేను చదవలేదు. ఆ సంతోషంలో అదేమిటో అడగకుండా అన్నీ హోమియో సీసాలో వేసుకున్నాను.

మా ఊరి కంసాలులందరికీ మా ఆయన తెలుసు, ఉల్లిపాయలు ఆయన దగ్గరే కొంటారు. కాబట్టి ఏలూరు వెళ్దామన్నాను. నేను ముందే వెళ్ళి కంసాలికి చెప్పి పెడతానేమోనని ఆయనకి అనుమానం, అందుకని తనూ వస్తానన్నారు. అత్తయ్య సరేసరి. మర్నాడు ముగ్గురం బస్సెక్కాం. భీమడోలు దాటాక చెరువులు మొదలయ్యాయి. గుండుగొలను దగ్గర చేపల మేత వాసన బస్సులోకి కొట్టేసరికి అత్తయ్య కొంగు ముక్కుకి పెట్టుకున్నారు.

“బంగారమంటే అదీ,” అన్నారు మా ఆయన, చెరువుల వైపు చెయ్యి చూపించి. “రోజూ లారీలెక్కి పోతోంది. దానికి పుస్తకం చదవక్కర్లేదు, వాసన భరిస్తే చాలు.”

“వాసన భరించడం నాకు పెళ్ళినాడే అలవాటైందండీ,” అన్నాను. ముందు సీటాయన ఎందుకో దగ్గాడు.

ఏలూరు బజారు పక్క సందులో కంసాలి కొట్టు నులకమంచమంత ఉంది. ముసలాయన, నుదుటికి భూతద్దం కట్టుకుని ఉన్నాడు. నేను సీసా ఇచ్చాను. ఆయన నల్లటి రాతి పలక మీద ఒలకబోసుకుని, “ఎక్కడివండీ ఇవి?” అన్నాడు.

“మా అమ్మ తలలోవి,” అన్నారు మా ఆయన.

కంసాలి భూతద్దం పైకెత్తి అత్తయ్య తల వైపు ఒకసారి చూసి, మళ్ళీ దించుకున్నాడు. ఆయనకి ముప్పై నలభై ఏళ్ళుగా రకరకాల బేరాలు వచ్చి ఉంటాయి. పట్టకారుతో ఒక్కొక్కటే పక్కకి జరపడం మొదలెట్టాడు.

“ఇది జరీ. ఇదీ జరీయేనండీ, పట్టుచీర అంచుది. ఇది పూలదండలో చెమ్కీ. ఇది కాకిబంగారం, ఇసుకలో ఉంటుంది, ఉత్త అభ్రకం. ఇది మళ్ళీ జరీ.”

ఒక్కొక్క మాటకీ మా ఆయన నవ్వు కొంచెం కొంచెం వెడల్పవుతోంది. నా కళ్ళ ముందు పుస్తకాలు ఒక్కొక్కటే కాటా ఎక్కుతున్నాయి. పలక మీద ఇక రెండే మిగిలాయి. తెల్లరాయి అతుక్కున్న నువ్వుగింజ, దాని పక్కన ఇంకా చిన్నది.

“సూదితో నొక్కి చూడండి,” అన్నాను ఆగలేక. “అభ్రకమైతే రేకులుగా లేస్తుంది, ఉత్త మెరిసే రాయైతే పొడుమైపోతుంది, బంగారమైతే సొట్ట పడుతుంది.”

“మీరు వచ్చి కూర్చోండమ్మా, నేను లేచి చూస్తాను,” అన్నాడాయన. కాని నొక్కాడు. సొట్ట పడింది. ఆ మీద గాజుపుల్లతో ద్రావకం బొట్టు వేశాడు. పొంగలేదు, రంగు మారలేదు. జరీ ముక్క మీద వేస్తే బుసబుసమని ఆకుపచ్చగా పొంగింది. భూతద్దం మళ్ళీ దింపుకుని చాలాసేపు చూశాడు.

“ఇది బంగారమేనండీ. ఇదీ, దీని పిల్లా,” అన్నాడు. “మచ్చ లేదు, గీత లేదు. ఎలా శుభ్రం చేశారండీ?”

“తలంటుకుని,” అన్నారు అత్తయ్య.

నేను కుర్చీలో ఉంటే లేచి నించునేదాన్ని, నించునే ఉన్నాను గనక ఏం చెయ్యాలో తెలియలేదు. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నారు. ఉల్లిపాయల బేరంలో అవతలివాడు ఖరారు చేసుకుని సంచి కట్టుకోబోతుంటే సవరించుకునే గొంతు అది.

“బంగారమే, ఒప్పుకున్నాను. కాని ఇసుకలోదని ఏమిటి నమ్మకం? జరీ ఎక్కణ్ణుంచొచ్చింది? అమ్మ చీరలోంచి. చెమ్కీ? అమ్మ పెట్టుకున్న దండలోంచి. మరి ఇది మాత్రం గోదావరిలోంచి ఎందుకొస్తుంది? అమ్మ చెవి కమ్మ అరిగి రాలి ఉంటుంది. అది తలలో దొరికిన బంగారం. పందెం ఇసుకలో బంగారం గురించి.”

“తెల్లరాయి అతుక్కుని ఉంది చూడండి. అది కొండ రాయి. కమ్మకి కొండ రాయి ఎలా వస్తుంది?”

“కమ్మకి తెల్లరాయే కదా ఉంటుంది!”

కంసాలి వైపు చూశాను. ఆయన కొలిమి బూడిద కెలకడంలో పడ్డాడు. మొగుడూ పెళ్ళాల మధ్య ద్రావకం వెయ్యడం ఆయన వృత్తిలో లేదు. మా ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగారు. “నువ్వే చెప్పమ్మా. నీ తల, నీ కమ్మలు. ఇది నీదేనా?”

 నా తలలో దొరికింది నాదేనని నిన్నంతా వాదించిన మనిషి ఆవిడ. ఔనంటే ఆ రెండు రవ్వలూ ఆవిడవి. నా గది ఉల్లిపాయలది.

అత్తయ్య కమ్మలు తడుముకున్నారు. పలక మీదకి వంగి చూశారు.

“ఒరే అబ్బాయ్, గదిలో ఉల్లిపాయలు పోస్తే నా పీట ఎక్కడ వేస్తావు?”

“మేడమీద వెయ్యబోయే గదిలోనమ్మా. చల్లగా గాలొస్తుంది.”

“మేడమీదకి వీధిలో మాటలు వినపడతాయా?”

 ఆవిడ కంసాలి వైపు తిరిగారు.

“చూడు నాయనా. నా ఒంటి మీద రాలేంత బంగారమే ఉండుంటే, వీళ్ళ నాన్న ఎప్పుడో దువ్వి తీసి తాకట్టు పెట్టేసేవారు. ఇది ఇసుకలోదే.”

కంసాలి ముందు నవ్వాడు. తరవాత, వద్దు వద్దనుకుంటూనే, మా ఆయన నవ్వారు. మా మామగారి తాకట్ల సంగతి తెలిసిన ఏ మనిషీ ఆ మాట మీద అప్పీలుకి వెళ్ళలేడు. వెలిగారం చిటికెడు వేసి కరిగించి పూస చేసిస్తానన్నాడు కంసాలి. వద్దన్నాను. “ఇలాగే ఉంటే ముక్కుపుడకకి కూడా పనికిరాదమ్మా,” అన్నాడు. “ముక్కుకి కాదండీ,” అన్నాను.

రవ్వలు ఇప్పుడు నిమ్మరసం సీసాలోనే, రోమన్ల చరిత్ర పక్కన అలమరలో ఉన్నాయి. మా ఆయన మాట తప్పలేదు. ముందు గదిలో ఒక్క ఉల్లిపాయ కూడా దింపలేదు. లోడంతా మా పడగ్గదిలో దింపించారు. పందెంలో పడగ్గది ఊసు ఎవరూ ఎత్తలేదు, ఆ తప్పు నాదే. ఇప్పుడు మంచం చుట్టూ సంచులు, నిద్రలో కూడా కళ్ళ నీళ్ళు. “నెత్తిమీద పెట్టుకుంటానన్నావుగా,” అని అత్తయ్య అడిగితే, “తలాపునే కదమ్మా ఉన్నాయి,” అంటున్నారు. మొన్న మేస్త్రీ వచ్చేసరికి ఈయన లుంగీ ఎగ్గట్టుకుని ఇసుక గుట్ట పక్కన నా పళ్ళెంతో కూర్చుని ఉన్నారు. ఏం వెతుకుతున్నారండీ అని అతనడిగితే, “పిల్లులు తొక్కేశాయి, రాళ్ళేరుతున్నాను,” అన్నారట. గాలించడం రాదు పాపం, పళ్ళెం అటూ ఇటూ ఊపి మొత్తం పారబోస్తారు. ఎలా ఊపాలో నేను నేర్పలేదు.

ప్రతి శుక్రవారం తలంటుకి ముందు అత్తయ్య కుంకుడు రసం గిన్నె పట్టుకుని నా దగ్గరికొస్తారు.

“ఏమ్మా, ఇందులో నీ ఆస్తేమన్నా ఉందా?”

“లేదండీ, పోసుకోండి.”

పోసుకుని వచ్చి, తడి జుట్టుతో ఎత్తుపీట మీద కూర్చుని ఈరుదువ్వెన నా చేతికిస్తారు. మిగతా రవ్వలు దొరకలేదు కదా, ఇక్కడెక్కడో ఇంకా గరగర్లాడుతున్నాయంటారు. ఎడమ చేత్తో పుస్తకం పట్టుకుని, కుడి చేత్తో దువ్వమంటారు. చదివేది పైకి చదవమంటారు. ఈ శుక్రవారం తేనెటీగల గురించి చదివాను. కిటికీ బయట ఎదురింటావిడ ఆగి, “ఇంకా దొరుకుతోందా పిన్నిగారూ?” అంది.

“దొరుకుతుందమ్మా, తొందరేముంది,” అన్నారు అత్తయ్య. నా వైపు తల వంచి, “నువ్వు కానీ. రాణి ఈగ ఏం చేసిందన్నావు?”